కూర్చోని నీటిబొట్టు

మొన్న మా రిటైరైన లెక్చరర్ల వాట్సాప్ గ్రూపులో ఒకాయన వీడియో పెట్టాడు. బాగా కాలిన లోహపు పలక, దాని మీద రంపపు పళ్లలాంటి గాట్లు. నీటిబొట్టు వేస్తే అది ఇగిరిపోకుండా గుండ్రంగా నిలబడి, గాట్ల మీదుగా పైకి ఎక్కుతోంది. నీళ్లు పల్లం వదిలి మెరకకు పోవడం చూసి మా వాళ్లు తబ్బిబ్బయిపోయారు. ముప్పై ఏళ్లు ఫిజిక్సు చెప్పినవాళ్లు చప్పట్ల బొమ్మలు పెట్టారు. ఒకాయన దండం బొమ్మ పెట్టాడు, నీటిబొట్టుకో, వీడియో పంపినాయనకో తెలీదు. ఇంకొకాయన తడుముకోకుండా "ఇవన్నీ మన పూర్వులకు ఎప్పుడో తెలుసు" అని రాశాడు. ఏ పూర్వుడికి తెలుసని అడిగితే గుడ్ మార్నింగ్ పువ్వు పెట్టి తప్పుకుంటాడు. ఆయన తీరే అంత.

పూర్వుల సంగతి నాకు తెలియదు. ఆత్రేయపురం పక్క ఊళ్లో పూతరేకులు తీసే ఒకావిడకు మాత్రం తెలుసు. ఈ వీడియో ఆవిడకు చూపించాలని బుద్ధి పుట్టి ఆవిడ కోడలి నంబరుకు ఫోన్ చేశాను. అత్తగారు పోయి మూడు నెలలైందని, కబురు చేద్దామంటే నా నంబరు దొరకలేదని కోడలు చెప్పింది. నేను పేరు చెప్పకముందే "మాష్టారండీ" అని పలికిన మనిషికి నంబరు దొరక్కపోవడం ఏంటి? కబురు చేయాలనిపించలేదు, అంతే. అనిపించేంత మంచి పని నేనూ చేయలేదు.

ఆవిడను మంచి మనిషి అని ఊళ్లో ఎవరూ అనలేదు. నేనూ అనను. పోయినవాళ్లందరూ రాత్రికి రాత్రి దేవతలైపోయే ఈ రోజుల్లో ఆవిడకు ఆ అవమానం జరగకూడదు. చేతుల నిండా నెయ్యి, బెల్లం. నోరు మాత్రం కాకరకాయ. ఆవిడకు ఎదుటి మనిషి మీద ఎంత చులకన ఉంటే అంత మర్యాద పొంగేది. ఇష్టమైనవాళ్లను "ఒసేయ్" అని పిలిచేది. కోడలితో "ఏమే" తప్ప ఇంకో మాట లేదు. "గారు" తగిలించిందంటే ఆ మనిషి ఆవిడ లెక్కలోంచి జారిపోతున్నట్టు. "అండి" ఒకటి వస్తే పర్వాలేదు, గోదావరి నీళ్లు తాగినవాళ్లెవరైనా అంటారు. ఒక్క మాటలో రెండు వచ్చాయంటే మన పని అయిపోయిందన్నమాట. నాకు మొదటి రోజే మూడు వచ్చాయి.

ఆవిడ పీట మీద కూర్చునే తీరు నాకింకా కళ్లకు కట్టినట్టుంది. ఎదురుగా బోర్లించిన కుండ, దాని కడుపులో కొబ్బరాకుల మంట. పొగ ఎటు వస్తే తల అటు కాకుండా ఇంకో వైపు తిప్పేది, చేయి మాత్రం ఆగేది కాదు. పల్చటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి కుండ వీపు మీద ఒక్క లాగు లాగేది. మనం రెప్ప వేసి తెరిచేలోపు అది రేకై కూర్చునేది. అంచు పట్టుకుని లేపి, వెలుగుకేసి ఎత్తి, అందులోంచి ఎదుటివాళ్ల మొహం చూసేది. మొదటిసారి నన్నూ అలాగే చూసింది. "బానే వచ్చిందండి, తమరి తలకాయ కనబడుతోంది" అంది. తలకాయలో ఏం కనబడిందో చెప్పలేదు.

మొదటి రేకు తీయడానికి ముందు రోజూ ఒక పని చేసేది. చెంబులో మూడు వేళ్లు ముంచి కుండ మీద నీళ్లు చిలకరించేది. చూసేది కాదు, చెవి అటు పెట్టేది. చుక్క నింపాదిగా బుడగలు కట్టి ఇగిరితే కుండ ఇంకా కాలలేదు. చుయ్‌మని అరిచి ఉన్నచోటే చచ్చిపోతే పని మొదలెట్టొచ్చు. చప్పుడు చేయకుండా జారిపోయిందంటే మంట ముదిరింది, ఆకులు బయటకు లాగేయాలి. కుండ మీద ఈ మూడోది అరుదు. ఎప్పుడో కోడలు పరధ్యానంగా మంట వేసినప్పుడు జరిగేది. "మాట్లాడే చుక్క మంచిదండి. నోరు మూసుకుని పరిగెత్తేది దొంగ" అనేది. ఇది మనుషులకు కూడా వర్తిస్తుందని ఆవిడ అనలేదు. ఆ పని నాకు వదిలేసింది.

నేను ఆ ఊరు ఎందుకు వెళ్లానో చెప్పాలి. చెప్పుకోడానికి గొప్పగా ఏం లేదు.

ఏదో పథకం కింద ఆ ఊళ్లో పన్నెండుమంది ఆడవాళ్ల సంఘానికి ఒక షెడ్డు, అందులో కరెంటు మీద నడిచే పూతరేకుల యంత్రం ఇచ్చారు. యంత్రమంటే కుండ ఆకారంలో ఒక స్టీలు బుర్ర, లోపల వేడెక్కే కాయిలు, పక్కన వేడి పెంచడానికీ తగ్గించడానికీ తిప్పే బిళ్ల. తయారుచేసినవాడు నా శిష్యుడే. ఫస్టు క్లాసువాడు, నా నోట్సు మక్కికి మక్కి రాసినవాడు. బిళ్లను చివరికంటా తిప్పి, ఆడవాళ్లు ముట్టుకోకుండా లక్కతో సీలు వేశాడు. వేడి ఎక్కువైతే తడి తొందరగా ఆరుతుంది, తొందరగా ఆరితే గంటకు ఎక్కువ రేకులు వస్తాయి. ఇందులో తప్పేముంది? నేనే కదా చెప్పింది.

రేకులు రాలేదు. వచ్చినవాటికి జల్లెడలా చిల్లులు. పిండిలో లోపమని ఒకసారి, చేతి వాటం లేదని ఒకసారి శిష్యుడు రాసి పంపాడు. షెడ్డులో మంట వేయకూడదు గనక కుండలు తెచ్చుకోడానికి లేదు. ఆడవాళ్లకు పనితనం లేదని తేలితే షెడ్డును ఇంకో ఊరి సంఘానికి ఇచ్చేస్తామన్నారు. తరతరాలుగా రేకులు తీస్తున్న ఊరు, రేకు తీయడం రాదన్న మాట పడబోతోంది. అది తేల్చడానికి ఒక సాంకేతిక నిపుణుడు కావాలి. నిపుణుడంటే నేను. "సార్, మీరు వచ్చి పిండిదే తప్పని ఒక్క సంతకం పెడితే చాలు" అని శిష్యుడు రాజమండ్రికి కారు పంపాడు. ఎక్కి కూర్చున్నాను. ధవళేశ్వరం బ్యారేజీ దాటేదాకా సంతకం ఏ పెన్నుతో పెడితే బాగుంటుందా అని తప్ప వేరే ఆలోచన రాలేదు.

షెడ్డు గుమ్మంలో ఆవిడ ఎదురొచ్చింది, పన్నెండుమందిలో ఆవిడా ఒకర్తె. "రండి మాష్టారండి, కూర్చోండి. అల్లుడుగారు ఇంకా లేవలేదండి" అంది. ఇంట్లో అల్లుడు ఉన్నాడేమో, ఇంత పొద్దెక్కాక నిద్రేంటి అనుకున్నాను. ఆవిడ వేలితో యంత్రాన్ని చూపించింది.

"పొద్దున్నే లేపాలి. వేడివేడిగా చూసుకోవాలి. పని చెప్పకూడదు. ఏం చెడినా తప్పు మనదే. అల్లుడు కాక ఏంటండి మరి?"

వెనకున్న ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. నేను మాత్రం నవ్వలేదు, నిపుణుడిని కదా. పాఠం మొదలెట్టాను. వేడి, బాష్పీభవనం, గుప్తోష్ణం. ముప్పై ఏళ్లు చెప్పిన పాఠం, నోరు తెరిస్తే దానంతటదే వస్తుంది. చివర్లో పిండి మరీ పల్చగా ఉందేమో అని అనుమానం కూడా వెలిబుచ్చాను. ఆవిడ చేతులు కట్టుకుని అంతా విన్నది. విన్నాక ఒక్కటే అడిగింది. బాగా కాలినదాని మీద నీటిచుక్క తొందరగా ఇగురుతుందా, ఆలస్యంగా ఇగురుతుందా?

పదో క్లాసు పిల్లాడిని అడగాల్సిన ప్రశ్న నన్నడిగిందని జాలిపడి "తొందరగా" అన్నాను.

"అయితే తమరి ఫోన్లో గడియారం తీయండి" అంది.

ముందు పక్కనే ఉన్న వాళ్ల పెరట్లోకి తీసుకెళ్లి కుండ మీద చిలకరించింది. నేను స్టాప్‌వాచ్ నొక్కేలోపే చుక్క అరిచి మాయమైంది. తర్వాత షెడ్డులో స్టీలు బుర్ర దగ్గరికి తెచ్చింది. దాని నడినెత్తిన చిన్న పల్లం ఉంది, పోతపోయడంలో వచ్చిన లోపం. నా శిష్యుడి పనితనంలో ఆ రోజు పనికొచ్చింది అదొక్కటే. ఆ పల్లంలో ఒక చుక్క వదిలింది. చుక్క అరవలేదు. శనగగింజంత గుండు కట్టి, ఆ పల్లంలో అటూ ఇటూ ఊగుతూ తిరగడం మొదలెట్టింది. నేను చూస్తున్నాను. గడియారం పరిగెడుతోంది. నిమిషం దాటింది, చుక్క ఇంకా తిరుగుతూనే ఉంది. ఆ తర్వాత ఆవిడ గుడ్డ తీసుకుని పిండి ఒక లాగు లాగింది. పిండి అంటుకోకుండా పూసలు పూసలుగా విడిపోయి, మధ్యమధ్యలో ఖాళీలు వదిలి ఎండింది.

"నీళ్లే కూర్చోమంటే కూర్చోవడం లేదు. పిండేం కూర్చుంటుందండి?"

అప్పుడు గుర్తొచ్చింది. ఈ సంగతి పుస్తకంలో ఉంది. ఎప్పుడో రెండు మూడు వందల ఏళ్ల కిందటి జర్మను వైద్యుడి పేరుతో, పేజీ కింద చిన్న అక్షరాల్లో ఉంది. పరీక్షకు రాదు గనక నా నోట్సులో దాని పక్కన "ముఖ్యం కాదు" అని రాసుకున్నాను. లోహం మరీ కాలితే చుక్క అడుగుభాగం తాకీ తాకగానే ఆవిరవుతుంది. ఆ ఆవిరే పల్చటి పరుపై చుక్కను పైకెత్తుతుంది. ఇక చుక్క లోహాన్ని తాకదు. ఆవిరిలోంచి వేడి నెమ్మదిగా వస్తుంది గనక చుక్క తొందరగా చావదు. తాకదు గనక అరవదు. పట్టు ఉండదు గనక ఊదితే చాలు, పరిగెత్తుతుంది. చదునుగా ఉన్నా ఊరుకోదు. చుక్క లోపల నీరు సుడి తిరుగుతుందని, ఆ తిరుగుడుకే అది చక్రంలా ఒక పక్కకు దొర్లిపోతుందని ఈమధ్య తేల్చారు. గాట్లున్న పలక మీదైతే కింది ఆవిరి ఒకే దిక్కుకు తోసుకుపోతూ చుక్కను కూడా లాక్కుపోతుంది, మెరకైనా సరే. మట్టికుండ సంగతి వేరు. అది వేడిని నిదానంగా ఇస్తుంది, చుక్క పడ్డచోట కాస్త చల్లబడుతుంది. అందుకని చుక్క కుండను తాకుతుంది, తాకి అరుస్తుంది. మట్టికుండ మీద రేకు ఎందుకు కూర్చుంటుందో, మరీ కాలిన స్టీలు మీద ఎందుకు కూర్చోదో ఇంతకంటే వివరం అక్కర్లేదు. ఇదంతా నాకు ఆ యంత్రం ముందు పది నిమిషాల్లో వెలిగింది, ముప్పై ఏళ్లు ఆలస్యంగా.

శిష్యుడు నా చెవి దగ్గరికొచ్చి "ఇది సిలబస్‌లో లేదు కద్సార్" అన్నాడు. వాడిని తిట్టే యోగ్యత నాకు లేదు. నా దగ్గర చదువుకుంటే అలాగే తయారవుతారు.

ఆవిడ రెండే అడిగింది. సీలు తీసి బిళ్ల తగ్గించుకోనివ్వమని రాయాలి. ఈ సంగతి ఎవరు చెప్పారో పేరుతో సహా రాయాలి. రెండోదానికి కారణం కూడా చెప్పింది.

"మెచ్చుకోమని కాదండి. రేపు ఇంకో అల్లుడుగారిని తెస్తారు. అప్పుడు కారేసుకుని తమర్ని తేనక్కర్లేదు, వచ్చి నన్నడుగుతారు. కాగితం మీద పేరుంటే అడుగుతారండి."

తప్పకుండా రాస్తానన్నాను. మొదటి చిత్తుప్రతిలో రాశాను కూడా. తర్వాత కొట్టేశాను. సాంకేతిక నివేదికల్లో అలా ఊరివాళ్ల పేర్లు రాయరని శిష్యుడు అన్నాడు, అది ఒక సాకు. అసలు కారణం నాకు తెలుసు. అయిదో తరగతితో ఆపేసిన మనిషి దగ్గర లెక్చరరుగారు పాఠం నేర్చుకొచ్చాడని నలుగురూ అనుకుంటారని భయం. అందుకని "నిపుణుల పరిశీలనలో తేలినది ఏమనగా" అని రాశాను. ఎవరు పరిశీలించారో, ఎవరికి తేలిందో చెప్పకుండా దాటేయడానికి మన ఆఫీసు తెలుగంత అనువైనది ఇంకోటి లేదు.

సీలు తీశారు. బిళ్ల తగ్గించాక యంత్రం మీద రేకులు వచ్చాయి. పన్నెండుమందికీ పని నిలిచింది, షెడ్డు ఊళ్లోనే ఉంది. ఇది విని నన్ను మెచ్చుకునేవాళ్లు కాస్త ఆగాలి. కొన్నాళ్లకు శిక్షణ కోసం ఒక పుస్తకం అచ్చేశారు. అందులో ఒక పేజీకి "ప్రొఫెసరుగారి నీటిచుక్క పరీక్ష" అని పేరు పెట్టారు. నేను ప్రొఫెసర్ని కాను. అదీ దిద్దలేదు, ఇదీ దిద్దలేదు. సభ పెట్టి శాలువా కప్పారు. మైకు నా చేతిలో ఉంది. ఆవిడ మూడో వరుసలో కూర్చుని ఉంది. ఒక్క వాక్యం చాలు. నేను ఇరవై నిమిషాలు మాట్లాడాను, సామాన్యుడి దగ్గరికి సైన్సును తీసుకెళ్లడం గురించి.

సభ అయ్యాక దగ్గరికొచ్చి శాలువా అంచు రెండు వేళ్లతో తడిమి చూసింది. "మంచి శాలువాయేనండి మాష్టారండి. ఎండాకాలంలో ఇచ్చారు, చలికాలం దాకా జాగ్రత్త చేసుకోండి" అంది. మళ్లీ ఆ ఊసు ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తితే క్షమించమని అడిగేవాణ్నేమో. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

తర్వాత ఏడాదికి ఒకటి రెండుసార్లు పూతరేకులు కొనే వంకన వెళ్లేవాణ్ని. ఒక వానాకాలం వెళ్లినప్పుడు పక్కింటి టీవీలో ప్రవచనం వినబడుతోంది. మనిషన్నవాడు తామరాకు మీద నీటిబొట్టులా సంసారానికి అంటకుండా ఉండాలని ఎవరో ఊగిపోతూ చెబుతున్నాడు. ఆవిడ లేచి పెరట్లోకెళ్లి చేమాకు ఒకటి తుంపుకొచ్చింది, దాని మీద కూడా నీళ్లు అలాగే గుండు కడతాయి. ఆకు వంచి బొట్టును అటూ ఇటూ దొర్లించి చూపించింది. తర్వాత బొటనవేలితో ఆకు మధ్య గట్టిగా రుద్ది, మళ్లీ నీళ్లు వేసింది. రుద్దినచోట నీరు పల్చగా పరుచుకుని అతుక్కుపోయింది. "దాని మీద కంటికి ఆనని నూగుంటుందండి. అది పోయింది, వైరాగ్యం కూడా పోయింది" అంది. ఆకు మీద మైనపు బుడిపెలుంటాయని, బొట్టు వాటి కొసల మీద నిలబడుతుందని, అడుగున గాలి ఉంటుందని మైక్రోస్కోపు పెట్టి చూసినవాళ్లు చెప్పారు. ఆవిడ బొటనవేలు పెట్టి చెప్పింది. తేడా అంతే. చిన్నప్పట్నుంచీ ఆ సామెతను నేను వ్యాసాల్లో రాస్తూనే ఉన్నాను, ఆకును ఒక్కసారి ముట్టుకుని చూడలేదు.

ఆవిడ పోయిందని ఫోన్లో విన్నాక, మొన్న ఆదివారం వెళ్లాను. బొబ్బర్లంక దగ్గర బస్సు దిగి ఆటో ఎక్కాను. పరామర్శకు మూడు నెలల ఆలస్యంగా వెళ్లే మనిషికి ఏం మాట్లాడాలో తెలియదు. షెడ్డులో కోడలు యంత్రం దగ్గరుంది. సంఘంలో కొత్తగా చేరిన ఇద్దరు ఆడవాళ్లకు పని నేర్పుతోంది. చెంబులో వేళ్లు ముంచి స్టీలు బుర్ర మీద చిలకరించి, "ఇది మాష్టారుగారి పరీక్ష. చుక్క అరిస్తే పిండి వెయ్యాలి, పరిగెడితే బిళ్ల తగ్గించాలి" అంటోంది. నన్ను చూసి "ఈయనేనే ఆ మాష్టారుగారు" అని చూపించింది. వాళ్లిద్దరూ గబుక్కున లేచి నిలబడ్డారు.

అప్పటికి గానీ నాకు నోరు రాలేదు. సభలో చెప్పాల్సిన వాక్యాన్ని అన్నేళ్లకు, ఆవిడ లేని షెడ్డులో, ముగ్గురి ముందు చెప్పాను.

"అమ్మా, ఈ పరీక్ష నాది కాదు. మీ అత్తగారిది. నాకు చూపించింది ఆవిడే. పేరు రాయమంటే నేను రాయలేదు."

కోడలు ఉలిక్కిపడుతుందనుకున్నాను. గుడ్డ పిండిలో ముంచుతూనే ఉంది.

"ఆయ్, తెలుసండి. నాకు నేర్పేటప్పుడు అత్తగారే చెప్పారండి."

తెలిసీ నా పేరెందుకు చెబుతున్నావని అడిగాను.

"ఆవిడే చెప్పమన్నారండి. 'నా పేరు చెబితే రేపు వచ్చేవాళ్లు వినరే, ముసలిదేదో వాగింది అంటారు. ఆయన పేరు చెప్పు, నోరు మూసుకుని వింటారు. ఆయన పేరు ఏదో ఒకదానికి పనికిరావద్దూ' అనేవారండి."

కోడలు స్టీలు బుర్ర మీద మళ్లీ నీళ్లు చిలకరించింది. ఒక చుక్క చప్పుడు లేకుండా జారి అంచు దాకా దొర్లి కింద పడింది. కొత్తగా చేరిన ఇద్దరిలో పెద్దావిడ అంతా విన్నది. ఎవరిదో, ఎవరు చెప్పారో, నేను ఏం చేశానో, అంతా. విని, పక్కనే ఉన్న కోడలిని వదిలేసి నా వైపు తిరిగింది.

"మాష్టారండి, ఇలా పరిగెడితే బిళ్ల ఎంత తగ్గించమంటారండి?"

ఎంత తగ్గించాలో నాకు తెలియదు. నేను ఆ బిళ్ల ఏనాడూ తిప్పలేదు. కోడలు నా మొహంలోకి చూస్తూ ఊరుకుంది.

"కొంచెం తగ్గించమ్మా" అన్నాను. ఆ పెద్దావిడ తల ఊపి తగ్గించింది.